పదగానము – విదేశప్రస్థానము

వ్యాకరణమున పదమనగా సుబంతముగాని తిఙంతముగాని యగును. సంగీతమున నది శృంగారభావ ప్రధానమైన గేయవిశేషము. 17వ శతాబ్దివాడైన క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో రచించిన పదములు దీనికి ఉత్తమోదాహరణములు.

కృతులకు గల ప్రచారము పదములకు లేదు. పదము విలంబకాలమున నడచును. స్వరకల్పనాది చమత్కారములకు ఇందు తావు స్వల్పము. నాయిక నిందించుచున్నదా, వేడుకొనుచున్నదా అనునది ఒకే పల్లవిని మరల మరల పాడెడి రీతిని బట్టి తెలియవలయును. అర్థమెఱుగక మాటను నడుమ విఱిచినచో రసభంగమగును.

ఈ బాణిని కాపాడినవారిలో చెన్నపట్టణపు వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబము ముఖ్యమైనది. ఆమె మనుమరాలు బాలసరస్వతి 1962లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున బోధించెను; 1963లో ఎడింబరో ఉత్సవమున నర్తించెను. ఆమె అభినయించుచు తానును పాడెడిది. తెలుగు రాని ప్రేక్షకునికి హస్తనేత్రములు అర్థమును తెలుపగా, విలంబగానము ఆ అర్థము మనసున నాటుకొనుటకు వ్యవధి నొసగెను. ఆమె సోదరుడు విశ్వనాథన్ ఆ విశ్వవిద్యాలయముననే చిరకాలము సంగీతము నేర్పెను. 1994లో ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ఆంగ్లానువాదము వెలువడెను. దానితో క్షేత్రయ్య సాహిత్యము పాశ్చాత్య పాఠకులకును అందెను.

అభినయానువాదములు గానమునకు ఊతలేగాని, దానికి బదులు కావు. పరదేశ శ్రోతకై కాలమును త్వరపఱచుట తగదు. ముందు తాత్పర్యము చెప్పి, పిదప విలంబముగనే పాడవలయును. ఆ తాత్పర్యమును చెప్పవలసిన బాధ్యత తెలుగువారిది. క్షేత్రయ్య నుడికారము మనకే దురవగాహమైననాడు పరులకు అందునది నాదమాత్రమే.