పాత సెల్‌ఫోనుకు తీగ లేని చార్జింగ్: ఎవరికి మేలు?

ఇంట్లో పెద్దవారి సెల్‌ఫోను పాడయిందంటే చాలాసార్లు పాడయ్యేది ఫోను కాదు, దాని అడుగున చార్జరు పిన్ను దూర్చే రంధ్రం. చూపు మందగించినవారు పిన్నును తలక్రిందులుగా నెట్టడం, చార్జింగులో ఉండగానే మాట్లాడుతూ వైరును లాగడం, దుమ్ము చేరడం ఇందుకు కారణాలు. రాష్ట్రం దాటి పనికి వెళ్లిన పిల్లల గొంతు వినిపించేది ఆ ఒక్క ఫోనులోనే అయిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. రంధ్రం చెడకముందే దాని శ్రమను తగ్గించే ఉపాయం ఒకటున్నది. అదే తీగ లేని చార్జింగ్.

దీని వెనుకనున్న సూత్రం కొత్తది కాదు. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే ఇది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేదీ ఆ సూత్రం మీదనే. చార్జింగు పళ్లెంలోని రాగి తీగచుట్టలో విద్యుత్తు క్షణానికి లక్షసార్లకు పైగా దిశ మార్చుకుంటుంది. అందువలన పుట్టే అయస్కాంత క్షేత్రం, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉన్న మరొక తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్టియం దీనికి ‘చీ’ అనే ప్రమాణాన్ని రూపొందించింది. 2012లో నోకియా లూమియా 920, 2017లో ఐఫోన్ 8 ఈ తీగచుట్టను లోపలే అమర్చుకొని వచ్చాయి.

ఆ చుట్ట లేని ఫోనుకు రిసీవరు అనే పలుచని బిళ్లను బయట అతికించవచ్చు. బిళ్ల నుండి వచ్చే సన్నని పట్టీ చివర పిన్ను ఉంటుంది. కొనేముందు ఫోను రంధ్రం మైక్రో యూఎస్‌బీయా, టైప్‌-సీయా అన్నది చూసుకోవాలి. మైక్రో యూఎస్‌బీ రంధ్రపు వెడల్పు వైపు కొన్ని ఫోన్లలో ముందుకు, కొన్నింటిలో వెనుకకు ఉంటుంది. అందుకే రిసీవర్లు రెండు రకాలుగా దొరుకుతాయి. పిన్ను దూర్చి, పట్టీని మెల్లగా వెనుకకు మడిచి, చుట్ట వైపు బయటికి ఉండేలా బిళ్లను వీపు నడుమ అతికించి, పైన ప్లాస్టిక్ కవరు తొడగాలి. ఇక ఫోనును పళ్లెం నడిమధ్యన ఉంచితే చాలు. పక్కకు జరిగితే చార్జింగు ఆగిపోతుంది.

అయితే ఈ సౌకర్యానికి హద్దులున్నాయి. ముఖ్యమైనది ఏమంటే, రంధ్రం ఇదివరకే పూర్తిగా చెడిపోయి ఉంటే ఈ బిళ్ల వలన ప్రయోజనం లేదు. బిళ్ల పట్టిన విద్యుత్తు కూడా ఆ రంధ్రం గుండానే లోపలికి పోవాలి. అట్టి ఫోనుకు రిపేరు దుకాణంలో రంధ్రం మార్పించుకోవడమే దారి.

వేగమూ తక్కువే. ఇటువంటి బిళ్లలు సాధారణంగా 5 వాట్లకు మించి ఇవ్వవు. 3000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. కొంత విద్యుత్తు వేడిగా మారి వృథా అవుతుంది. కనుక కరెంటు పోయి పవర్‌బ్యాంకు మీదనో, చిన్న సోలారు పలక మీదనో ఆధారపడిన వేళ వైరు చార్జింగే మేలు.

వేడి విషయంలో జాగ్రత్త అవసరం. ఫోను వీపు లోహంతో చేసినదైతే దాని మీద చార్జింగు సరిగా జరగకపోవచ్చు, వేడి కూడా పెరుగుతుంది. కవరులో నాణేలు, ఏటీఎం కార్డు ఉంచరాదు. బ్యాటరీ ఉబ్బిన ఫోనుకు చార్జింగే పెట్టరాదు. పళ్లాన్ని పరుపు మీద, దిండు కింద ఉంచక, గాలి తగిలే బల్ల మీద ఉంచాలి. అడాప్టరు మీద బీఐఎస్ ముద్ర ఉన్నదీ లేనిదీ చూడాలి.

రంధ్రం ఇంకా బాగున్న ఫోనుకు, పిన్ను దూర్చలేని పెద్దలకు ఈ బిళ్ల నిజంగా ఉపకరిస్తుంది. రాత్రి భోజనాల వేళ ఫోనును పళ్లెం మీద ఉంచి, పడుకునే ముందు తీసి పక్కన పెట్టుకునే అలవాటు చేస్తే, పిల్లల ఫోను వచ్చే సమయానికి ఆ ఇంట బ్యాటరీ లేదన్న మాట రాదు.