కారు మలుపులో ‘టకటక’మంటోందా?

పోపులో ఆవాలు చిటపటలాడటం ఎప్పుడు ఆగిందో పక్కగదిలో ఉండే చెప్పేస్తాం. మిక్సీ గొంతు మారితే ఇంట్లో అందరికంటే ముందు మనకే తెలుస్తుంది. మరి కారు చప్పుడు చేస్తే మాత్రం “అది మగవాళ్ళ వ్యవహారం” అని ఊరుకుంటామెందుకండీ? చాలా ఇళ్ళలో ఎడమవైపు ముందు సీటు మనదే. ఎడమ ముందు చక్రం మన కాళ్ళకి జానెడు దూరంలో ఉంటుంది. దాని చప్పుడు డ్రైవరు కంటే మనకే బాగా వినిపిస్తుంది. స్వయంగా కారు నడిపే అక్కచెల్లెళ్ళకైతే వేరే చెప్పక్కర్లేదు.

మాది అన్నవరం. కొత్త కారు కొన్నవాళ్ళు సత్యదేవుడి దగ్గరికి తెచ్చి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తీసుకెళ్ళడం చూస్తూనే ఉంటాం. అదే కారు నాలుగైదేళ్ళు తిరిగాక, కార్తీక మాసంలో ఇంటిల్లిపాదినీ మోసుకుంటూ రత్నగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. జనంలో, ఇరుకులో బండి నిలపాలంటే స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. డ్రైవర్లు ‘ఫుల్ కటింగ్’ అంటారే, అదన్నమాట. అప్పుడు మొదలవుతుంది, టక్... టక్... టక్.

ముందు డిక్కీ, సీట్ల కింద చూడండి. నవ్వకండి! దొర్లుతున్న కొబ్బరికాయో, ఊడిన జాకీయో కావచ్చు. అది కాదని తేలాక ఖాళీ స్థలంలోకి వెళ్ళి, ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించండి. స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిప్పి, నడిచేంత వేగంతో గుండ్రంగా రెండు చుట్లు తిరగండి. తర్వాత రెండోవైపు. ఏ పని చేస్తుంటే చప్పుడొస్తోందో పట్టుకుంటే జబ్బు సగం దొరికినట్లే.

బండి కదులుతున్నప్పుడు, చక్రం తిరిగే లెక్కకి టకటక వస్తూ, వేగం పెరిగితే అదీ పెరుగుతుంటే, అనుమానించాల్సింది డ్రైవ్ షాఫ్టు చివరనుండే సీవీ జాయింటుని. ముందు చక్రాలు ఇంజను బలంతో తిరగాలి, పక్కలకీ మళ్ళాలి. ఈ రెండూ ఒకేసారి చేయించేది ఈ జాయింటే. లోపల ఉక్కు గుండ్లు, సాధారణంగా ఆరు, గాడుల్లో కదులుతుంటాయి. ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920లలో కనిపెట్టిన ఏర్పాటు ఇది. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారుతో బాగా వ్యాపించింది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800 కూడా ముందు చక్రాలతో లాగే బండే. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కి వెనక చక్రాలే లాగేవి గనక దానికి ముందువైపు ఈ బెడదే లేదు.

ఈ జాయింటు మీద హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా రబ్బరు తొడుగు ఉంటుంది. మెకానిక్కులు ‘బూటు’ అంటారు. జాయింటు బతుకంతా దాని మీదే ఆధారపడి ఉంది. బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్మిపోతుంది, వాననీళ్ళూ ఇసకా లోపలికి చేరతాయి. రుబ్బురోట్లో ఇసక పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా! చక్రం లోపలివైపు నల్లటి గ్రీజు మరకలు కనిపిస్తే టకటక మొదలవకముందే చూపించండి. బూటు ఖరీదు వందల్లో, జాయింటు ఖరీదు వేలల్లో. కుడికి తిప్పితే టకటక ఎక్కువైతే సాధారణంగా ఎడమ జాయింటు, ఎడమకి తిప్పితే కుడిది.

బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పినా ‘టంగ్’మని స్ప్రింగు విడిచినట్లు ఒక్క మోత వస్తే సంగతి వేరు. షాక్ అబ్జార్బరు పైకొసనుండే మౌంటింగు, దాని బేరింగు బిగుసుకుపోయి ఉండచ్చు. బానెట్ ఎత్తి, ఆ మౌంటింగు మీద అరచెయ్యి ఆనించి, ఇంకొకరిని నెమ్మదిగా తిప్పమనండి. గెంతు చేతికి తెలుస్తుంది. స్ప్రింగు చుట్లలోకి మాత్రం వేళ్ళు పోనివ్వద్దు.

మలుపులోనే కాక, గతుకుల్లో కూడా ‘లొటక్ లొటక్’మంటూ, స్టీరింగు వదులుగా ఉన్నట్టుంటే అప్పుడు మాత్రం పంతానికి పోవద్దు. లింక్ రాడ్డో, బుష్షులో అయితే సరే గానీ, అది లోయర్ ఆర్మ్ బాల్ జాయింటు గానీ, టైరాడ్ ఎండ్ గానీ అయితే, పూర్తిగా ఊడిన రోజున చక్రం పక్కకి వాలిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అలా జరిగితే? మొక్కు వచ్చే వారం తీర్చుకోవచ్చు. ముందు బండి గ్యారేజీకి పంపించండి.

అన్ని చప్పుళ్ళూ రోగాలు కావులెండి. ఆయిలుతో పనిచేసే పవర్ స్టీరింగు బళ్ళలో కొసదాకా తిప్పి పట్టుకుంటే ‘స్‌స్‌స్’మని వస్తుంది. ఒత్తిడి వదిలే వాల్వు చప్పుడది. అలాగే పట్టుకు కూర్చోకుండా కాస్త వెనక్కి వదలండి, పంపు వేడెక్కకుండా ఉంటుంది. ‘సర్ర్’మని రాసుకుంటే మాత్రం టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కుకి తగులుతున్నట్టు. క్లిప్పు ఊడి ఉంటుంది, లేదా పెద్ద సైజు టైర్లు వేయించి ఉంటారు.

మా ఎదురింటి వదినగారి కారుకి ఒక షెడ్డులో “స్టీరింగ్ రాక్ మొత్తం మార్చాలమ్మగారూ” అన్నారట. ఖర్చు వినగానే వాళ్ళాయన సరేననబోయారు. ఆవిడ ఊరుకుంటేనా? “ఆగి ఉన్నప్పుడు ఎంత తిప్పినా చప్పుడు లేదు బాబూ. కదిలితేనే, అదీ కుడికి తిప్పితేనే టకటకమంటోంది. రాక్ సంగతి తర్వాత, ముందు ఎడమ చక్రం విప్పి బూటు చూడు” అంది. చూస్తే బూటు అడ్డంగా చిరిగి, లోపల గ్రీజన్నదే లేదు. జాయింటు మార్చారు, రాక్ జోలికి పోలేదు.

మీరూ గ్యారేజీలో “ఏదో సౌండొస్తోంది” అని వదిలెయ్యకండి. ఆగి ఉన్నప్పుడా, కదిలితేనా, ఏ వైపు తిప్పితే, గతుకులోనా, ఈ నాలుగూ చెప్పండి. మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి వినిపిస్తే మరీ మంచిది. తీసిన పాత సామాను చూపించమని అడగండి. డ్రైవ్ షాఫ్టు తీస్తే గేరాయిలు కారే అవకాశం ఉంది గనక మట్టం చూడమనండి. టైరాడ్ ఎండ్ మార్చితే వీల్ అలైన్‌మెంటు చేయించాకే బండి తీసుకోండి. లేకపోతే చప్పుడు పోతుంది గానీ కొత్త టైర్లు ఓపక్క అరిగిపోతాయి.