ఆశ్రయపురము లేని ప్రజలు: గుత్తి కోయలు, ప్రభుత్వ విధానము

కాందిశీకుడు అనగానే మన సంఘములలో అనేకులకు టిబెటు వాడో, శ్రీలంక తమిళుడో గుర్తుకు వస్తాడు. భారతదేశము 1951 నాటి ఐక్యరాజ్యసమితి కాందిశీకుల ఒడంబడికపై సంతకము చేయలేదు. అయితే రాష్ట్రపు సరిహద్దు మాత్రమే దాటి పారిపోయి వచ్చినవారి స్థితి మరింత చిక్కైనది. వారికి కాందిశీకులన్న పేరైనా దక్కదు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతములో సల్వాజుడుం ప్రారంభమైనది. ఒకవైపు దాని దాడులు, మరొకవైపు మావోయిస్టుల ప్రతీకారము. నడుమ చిక్కిన మురియా కుటుంబములు నాటి ఖమ్మం జిల్లాలోని చింతూరు, భద్రాచలం అడవులకు చేరి గుడిసెలు వేసుకొన్నాయి. ఇక్కడివారు వారిని గుత్తి కోయలు అంటారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆ పోరుకు వాడుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని విడిచిన ఊరు తిరిగి రాలేదు. 2022లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు చింతూరు కూడ అందులో కలిసింది. కనుక మన్యపు కాపరులకు ఇది పరాయి సంగతి కాదు.

ఇక చట్టము సంగతి. రాజ్యాంగము 342వ అధికరణము ప్రకారము షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రము వారీగా ఉంటుంది. వలస వెళ్లినవాడు ఆ హోదాను వేరొక రాష్ట్రమునకు తీసుకొనిపోలేడని మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. బస్తరులో గిరిజనుడైన మురియా ఇక్కడ కుల ధ్రువపత్రము కొరకు అధికారుల చుట్టూ తిరగవలసినవాడయ్యాడు. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమి అతని సాగులో ఉండాలి. జుడుం ముమ్మరమైనది 2006లో! అప్పుడు పారిపోయి వచ్చినవాడు ఆ తేదీని ఎట్లు చూపగలడు? అందుచేత అటవీశాఖ దృష్టిలో అతడు ఆక్రమణదారుడు. గుడిసెలు కూల్చివేయబడినవి కూడ.

దీనితో ఇంకొక సంగతి పోల్చి చూడవలెను. తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన శరణార్థులకు 1958లో మొదలైన దండకారణ్య పథకము క్రింద ప్రభుత్వము మల్కనగిరి, బస్తరు ప్రాంతములలో భూమి ఇచ్చింది. అనగా విధానము తలచుకొన్నప్పుడు ఆ అడవిలోనే చోటు దొరికింది. ఆ అడవి బిడ్డలు కొన్ని మైళ్లు దక్షిణమునకు జరిగినప్పుడు దొరకలేదు.

స్థానిక కోయల భయమును మేము తేలికగా తీసివేయము. పోడు భూమి పరిమితము. పోలవరము ముంపు దాని మీద మరొక భారము. వారిద్దరినీ పోటీకి దింపినది విధానమే గాని ఒకరి దుర్బుద్ధి కాదని మా అభిప్రాయము.

ఆశ్రయపురముల ధర్మము ఇక్కడ ఉపకరిస్తుంది. సంఖ్యాకాండము 35:15 దానిని పరదేశికి కూడ వర్తింపజేసింది. ద్వితీయోపదేశకాండము 19:3 అక్కడికి దారి సిద్ధపరచమంది. యెహోషువ 20:4లో పెద్దలు గుమ్మము వద్ద అతని మాట విని నివాసమిస్తారు. దారి, విచారణ, చోటు: ఇవన్నీ పరిపాలనకు సంబంధించిన ఏర్పాట్లే.

బియ్యము పంచి బాప్తిస్మము అడుగుట తగదని ఇక్కడ చెప్పక తప్పదు. కాపరి చేయదగిన చిన్న పని వేరొకటి ఉన్నది. గుడిసెలో పుట్టిన బిడ్డ జననమును 21 దినములలో పంచాయతీలో నమోదు చేయించుట. ఆ లోపు రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.