పేర్లలో దాగిన పూర్వీకులు

మనిషి గతించినా పేరు నిలుస్తుందని పెద్దలు అంటారు. అయితే నిలిచిన ఆ పేరు ఎవరిదో గుర్తించాలంటే, ఆనాటివారు పేర్లు పెట్టుకున్న ఆచారాలు తెలిసి ఉండాలి. కెనడాలోని ఫ్రెంచి సంతతివారి వంశచరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

1608లో సామ్యూల్ ద షాంప్లేన్ సెయింట్ లారెన్స్ నదీతీరాన క్యుబెక్ నగరానికి పునాది వేశాడు. ఆ ఫ్రెంచి వలసరాజ్యానికి ‘న్యూ ఫ్రాన్స్’ అని పేరు. 1665లో కరిన్యాన్–సాలియేర్ పటాలానికి చెందిన సుమారు 1,200 మంది సైనికులు అక్కడికి వచ్చారు. వారిలో దాదాపు 400 మంది అక్కడే స్థిరపడ్డారు. 1663 నుండి 1673 వరకు సుమారు 770 మంది యువతులు ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ఖర్చుతో సముద్రం దాటి వచ్చి, ఆ వలసవాసులను వివాహమాడారు. ‘రాజుగారి కుమార్తెలు’ అని ప్రసిద్ధి పొందిన వీరిలో చాలామంది నిజానికి తల్లినో తండ్రినో కోల్పోయిన నిరుపేదలు. 1666లో పాలనాధికారి జాన్ టాలన్ జరిపించిన జనగణనలో 3,215 మంది వలసవాసులు నమోదయ్యారు. సైనికులను, ఆదివాసులను ఆ లెక్కలో చేర్చలేదు.

ఈ కుటుంబాల చరిత్రకు ముఖ్యాధారం చర్చి పుస్తకాలు. జ్ఞానస్నానం, వివాహం, ఖననం జరిగినప్పుడల్లా పురోహితుడు వాటిలో వివరాలు వ్రాసేవాడు. వివాహ సందర్భంలో సాధారణంగా వధూవరుల తల్లిదండ్రుల పేర్లు కూడా చేర్చేవాడు. కనుక ఒక్కొక్క వివాహం ఆధారంగా ఒక్కొక్క తరం వెనుకకు వెళ్లవచ్చు. 1640లో క్యుబెక్ చర్చి దగ్ధమై తొలి పుస్తకాలు కాలిపోయాయి. అప్పుడు జ్ఞాపకాల ఆధారంగా వాటిని తిరిగి వ్రాశారు. తరువాతి కాలంలో రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిని న్యాయస్థానంలో భద్రపరిచే పద్ధతి ఏర్పడింది.

అయినా ఈ అన్వేషణ సులభం కాదు. కాలక్రమంలో ఆడపిల్లలకు ‘మరీ’ అని, మగపిల్లలకు ‘జోసెఫ్’ అని ముందుగా ఒక పేరు చేర్చడం ఆచారమైంది. దాని తరువాత జ్ఞానమాత పేరో, జ్ఞానపిత పేరో పెట్టేవారు. నిత్యం పిలిచే పేరు తరచుగా చివరన ఉండేది. ఒక బిడ్డ మరణిస్తే, తరువాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం కూడా ఉండేది. ఈ సంగతి తెలియనివారు ఇద్దరిని ఒక్కరుగా భ్రమించే ప్రమాదం ఉంది.

ఇంటిపేర్ల చిక్కు మరొకటి. ఫ్రెంచి సైనికులకు మారుపేర్లు ఉండేవి. వాటిని ‘ది’ అనే మాటతో అసలు ఇంటిపేరుకు చేర్చేవారు. ‘అనబడే’ అని దాని అర్థం. పియేర్ హ్యూదోన్ ది బోల్యూ అనే సైనికుని సంతతిలో కొందరు హ్యూదోన్లుగా, కొందరు బోల్యూలుగా కొనసాగారు. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికా మిల్లులకు వలసవెళ్లిన కుటుంబాలలో కొన్ని పేర్లను ఆంగ్లంలోకి మార్చుకున్నాయి. అలా ‘తెలుపు’ అనే అర్థమున్న ‘లెబ్లాన్’ ‘వైట్’ అయింది. పేరు మారిన చోటనే వారి వంశసూత్రం తెగిపోయినట్లు కనిపిస్తుంది.

ఇన్ని చిక్కుల నడుమ ఒక ఆచారం పరిశోధకులకు గొప్ప మేలు చేసింది. వివాహమైన తరువాత కూడా స్త్రీ పేరును పుట్టింటి పేరుతోనే నమోదు చేసేవారు. అందువల్ల తండ్రి వంశంతో సమానంగా తల్లి వంశాన్ని కూడా గుర్తించవచ్చు. 1981 నుండి క్యుబెక్ చట్టం కూడా వివాహిత తన పుట్టింటి పేరుతోనే వ్యవహరించాలని నిర్దేశిస్తోంది.

సిప్రియన్ తాంగే అనే మతాచార్యుడు 1871–1890 మధ్య ఏడు సంపుటాల వంశనిఘంటువును వెలువరించాడు. 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం ఆనాటి చర్చి నమోదులను కంప్యూటరు సహాయంతో జతపరిచే కృషి ప్రారంభించింది.

రాజులకు శాసనాలు ఉంటాయి, సేనాపతులకు విగ్రహాలు ఉంటాయి. దిక్కులేక ఓడ ఎక్కిన పేద యువతికి మిగిలింది పురోహితుడు వ్రాసిన ఒక్క పంక్తి మాత్రమే. ఆ పంక్తిలో ఆమె సొంత పేరు చెదరక నిలిచింది. మూడున్నర శతాబ్దాల తరువాత ఆమె సంతతి ఆమెను చేరుకోవడానికి అదే దారి చూపుతోంది.