లైనక్స్ చదువుకి గొలుసు తాకట్టు పెట్టే ముందు...

డిగ్రీ పూర్తయిన పిల్లలు ఇంట్లో ఉంటే "అమ్మా, అమీర్‌పేటలో లైనక్స్ అడ్మిన్ కోర్సు చేస్తాను, ఫీజు కట్టాలి" అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. ఫీజు కోసం గొలుసు తాకట్టు పెట్టే ముందు ఆ చదువేమిటో మనమూ కాస్త తెలుసుకుందాం.

కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. లైనక్స్ అలాంటిదే. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీన్ని మొదలుపెట్టాడు. ఇది లోపల ఎలా రాసి ఉందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఉబుంటు, డెబియన్ లాంటి రకాలకు పైసా కట్టక్కర్లేదు. ఇంటర్నెట్‌ను నడిపే సర్వర్లలో చాలావాటిలో ఉండేది ఇదే. వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు.

ఆలోచిస్తే వాళ్లదీ ఇల్లు చక్కబెట్టే పనే! ఏ ఫైలును ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు నడపొచ్చు అని నిర్ణయించాలి. అన్ని తాళాలూ ఉన్న ఖాతా పేరు 'రూట్'. దాన్ని అందరి చేతికీ ఇవ్వకూడదు. అటక నిండిందా అని మనం చూసుకున్నట్టే డిస్కులో చోటెంత మిగిలిందో చూస్తుండాలి. అది నిండితే పని ఆగిపోతుంది. ముఖ్యమైనవాటికి తప్పకుండా నకలు తీసి పెట్టాలి.

దోసె పోయడం పుస్తకం చదివితే వస్తుందా? ఇదీ అంతే, చేతికి అలవాటు కావాలి. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో టిక్కు పెట్టే ప్రశ్నలుండవు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పనులు చేసి చూపించమంటారు. నోట్సు బట్టీ పడితే గట్టెక్కడం కష్టం.

అందుకే ముందు ఇంట్లోనే ఇలా మొదలుపెట్టించండి.

* పాత కంప్యూటర్ పారేయకండి. 2025 అక్టోబరులో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. అలాంటి చాలా కంప్యూటర్లలో లైనక్స్ హాయిగా నడుస్తుంది. ముందుగా ఫొటోలు, కాగితాలు వేరేచోట దాచుకోవడం మరవద్దు.

* ఉన్నదాన్ని కదపడం ఇష్టం లేకపోతే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకోవచ్చు. దీంతో కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ తయారవుతుంది. పాడైతే తీసేసి మళ్లీ పెట్టుకోవడమే.

* ఐఐటీ బాంబే వారి 'స్పోకెన్ ట్యుటోరియల్'లో లైనక్స్ పాఠాలు తెలుగులో కూడా ఉచితంగా ఉన్నాయి.

* వారానికొక పని చేయించండి. ఒక వారం కొత్త యూజర్‌ను చేర్చడం, ఇంకో వారం నకలు తీసి దాన్ని తిరిగి పెట్టడం. ఆ పైన కావాలనే ఏదో ఒకటి చెడగొట్టి బాగుచేయడం. చేసినదంతా నోటుబుక్కులో రాసుకోవాలి.

రెండు నెలలయ్యాక కూడా ఉత్సాహం తగ్గకపోతే కోర్సులో నిశ్చింతగా చేర్పించండి. అయితే డబ్బు కట్టే ముందు మూడు మాటలు అడగండి. రోజూ ప్రాక్టికల్స్ ఎంతసేపు? ఒక్కొక్కరికీ విడిగా మెషీను ఇస్తారా? చెడిపోయిన సర్వర్‌ను పిల్లల చేతే బాగుచేయిస్తారా? వీటికి సరైన జవాబివ్వకుండా "ఉద్యోగం గ్యారంటీ" అంటే మాత్రం లేచి వచ్చేయండి.

అన్నట్టు, పిల్లలు నేర్చుకునేటప్పుడు మీరూ పక్కన కుర్చీ వేసుకోండి. ఆ కమాండ్లు చాలావరకు చిన్న చిన్న ఇంగ్లీషు మాటలే. నెల సరుకుల పట్టీ తప్పు లేకుండా రాసే మనకి అవి ఓ లెక్కా, ఏమంటారు?