పండగపూట నల్లచొక్కా

ఆరేడేళ్ళ క్రితం మాట. సంక్రాంతి సంబరాలకి బయలుదేరుతున్నాం. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, అరిసెల డబ్బా చేత్తో పట్టుకుని గరాజ్‌లో నిలబడింది. నేను కారు వేడెక్కిస్తున్నాను. నేపర్‌విల్‌లో జనవరి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు దిగింది మేడ మీంచి మా అమ్మాయి. మంచం మీద తీసిపెట్టిన పరికిణీ ఓణీ అక్కడే వదిలేసి, నల్లచొక్కా, నల్లపేంటు, కళ్ళకి బారెడు కాటుక. చొక్కా మీద తెల్లటి వంకరగీతలు, కొండల వరసలాగా.

"ఏంటమ్మా ఇది, ఎవరి ఈసీజీ?" అన్నాను.

"ఈసీజీ కాదు నాన్నా, చచ్చిపోయిన నక్షత్రం" అంది.

పండగపూట ఆ మాటలేమిటని వాళ్ళమ్మ కేకలేసింది. అక్కడికి వెళ్ళాక ఒక మామ్మగారు "బంగారంలాంటి పిల్లవి, ఏడాది మొదట్లో ఈ నలుపేమిటే తల్లీ" అని బుగ్గలు నొక్కుకున్నారు. (మా పక్కింటి మరాఠీవాళ్ళు సంక్రాంతికి పనిగట్టుకుని నల్లబట్టలే కట్టుకుంటారు. ఆ సంగతి సమయానికి గుర్తొచ్చి ఉంటే పిల్లని కాస్త ఆదుకునేవాణ్ణి.)

ఆ నక్షత్రం మాట మాత్రం నన్ను వదల్లేదు. ఇంజనీరు బుద్ధి కదా! రాత్రి కూర్చుని వెతికాను. పిల్ల చెప్పింది నిజమే. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తున్న జోసెలిన్ బెల్ అనే అమ్మాయి కనిపెట్టిన మొదటి పల్సార్ అది. 1.33 సెకన్లకొకసారి, గడియారం పెట్టినట్టు రేడియో సంకేతం పంపుతుంది. (దానికి 1974లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆవిడకి కాదు, ఆవిడ గురువుగారికి.) ఆ సంకేతాలు 80 వరసగా తీసుకుని, ఒకదాని కింద ఒకటి గీసిన బొమ్మ 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఆయన పిహెచ్‌డి సిద్ధాంతవ్యాసంలోది. ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలో ఆ బొమ్మ చూసిన మాంచెస్టర్ కుర్రాళ్ళు కొందరు 1979లో తమ మొదటి ఆల్బం అట్ట మీద వేయించుకున్నారు. బృందం పేరు జాయ్ డివిజన్, ఆల్బం పేరు అన్‌నోన్ ప్లెజర్స్. ఈ ఊళ్ళో ఏ హైస్కూలు ముందైనా పావుగంట నిలబడండి, ఆ చొక్కా ఒకటైనా కనిపిస్తుంది. వేసుకున్నవాళ్ళలో పాట విన్నవాళ్ళెందరో నాకు అనుమానమే.

మాది విన్న బాపతు. వింటే విననీ, నన్నూ వినమంది. మొదటి పాట సగంలో ఆపేశాను. గదిలో లైటు తీసేసి ఎవరో నూతిలోంచి పాడుతున్నట్టుంది.

అసలు ఈ గోలకి గోథిక్ అని పేరెలా వచ్చిందో చూద్దాం. గోత్‌లు రోము మీద దండెత్తిన ఒక జాతి. వాళ్ళ మీది ఈసడింపుతో ఇటలీ పండితులు, సూదిమొన కమానుల పాత చర్చిలని 'గోత్‌ల తరహా' అన్నారు. మన చికాగోలో మిషిగన్ అవెన్యూ మీద ట్రిబ్యూన్ టవర్ ఉందే, 1925 నాటిది, అది ఆ పోకడకి నకలు. తర్వాత అలాంటి పాడుబడ్డ కోటల్లో దయ్యాల కథలు రాస్తే వాటికి గోథిక్ నవలలన్నారు. 1970ల చివర ఇంగ్లండులో ఆ నీడలన్నీ పాటలోకి వచ్చి చేరాయి.

ఇది చదివి 'శ్మశానం పాటలు మనకెందుకండీ' అనకండి. నేను తెనాలివాణ్ణి. హరిశ్చంద్ర నాటకం రాత్రి పదింటికి మొదలైతే, కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము. "కాటిసీనుకి లేపరా" అని పక్కవాడికి చెప్పి చాప మీద నిద్రపోయే జనాన్ని చూశాను. జాషువాగారి శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లివారి నాటకంలోవి కావు. జనం కోరుతున్నారని నటులు తెచ్చి కలుపుకున్నారు. కాటికాపరి కర్ర పట్టుకుని పద్యం ఎత్తితే వన్స్‌మోర్, మళ్ళీ వన్స్‌మోర్! చావుని పాటగా విని, తెల్లారి ఇంటికెళ్ళి కాఫీ తాగిన జాతి మనది. మన పిల్లలు నల్లచొక్కా వేసుకుంటే అంత ఉలిక్కిపడక్కర్లేదు.

ఇక పోస్ట్‌పంక్. ముందు పంక్ తెలియాలి. దానికీ మన ఇంట్లోనే పోలిక ఉంది. 1965లో హైదరాబాదులో ఆరుగురు కుర్రాళ్ళు ఉన్న పేర్లు పారేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని పెట్టుకుని, దిగంబర కవుల మొదటి సంపుటిని అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. 1968కల్లా మూడు సంపుటాలతో ఆ ఉద్యమం ముగిసింది. ఇంగ్లండులో సెక్స్ పిస్టల్స్ కథా అంతే. మారుపేర్లు, తిట్లు, గోల, 1978 జనవరికల్లా ముక్కలు. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో వాళ్ళు పాడితే వచ్చిన కొద్దిమందిలో పీటర్ హుక్ అనే కుర్రాడొకడు. మర్నాడే వెళ్ళి బేస్ గిటార్ కొనుక్కున్నాడు. వాయించడం రాదు. అయినా కొన్నాడు. అదే జాయ్ డివిజన్‌కి మొదలు.

తిట్టడం అయిపోయాక ఏం చెయ్యాలి? దిగంబర కవుల్లో నలుగురు 1970లో విరసంలోకి వెళ్ళారు. పంక్ కుర్రాళ్ళు పాటని విప్పి చూడటం మొదలెట్టారు. అదే పోస్ట్‌పంక్. గిటార్ ముందు నిలబడి వీరంగం వెయ్యదు, సన్నగా మారుమోగుతూ దూరంగా ఉంటుంది. ముందు నడిచేది బేస్. ఇళయరాజా పాటల్లో కింద నడిచే బేస్‌ని చెవిపెట్టి వినే అలవాటున్నవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడుతుంది. హుక్‌గారి బేస్ అయితే మరీ పైస్థాయిలో పాడుతున్నట్టుంటుంది. కారణం పెద్ద సిద్ధాంతమేమీ కాదు. తన చవకబారు యాంప్లిఫయర్‌లో కింది స్వరాలు పక్కవాడి గిటార్ హోరులో వినపడేవి కావట, అందుకని పైకి జరిగాడు. లేమిలోంచి పుట్టిన శైలి!

సరే, వినాలని సరదాపడేవాళ్ళు ఎక్కణ్ణించి మొదలెట్టాలి? నాలాగా జాయ్ డివిజన్‌తో మొదలెట్టకండి. ద క్యూర్ అనే బృందం 1989లో విడుదల చేసిన డిసింటిగ్రేషన్‌తో మొదలెట్టండి. అదే ఏడాది మనకి గీతాంజలి వచ్చింది. ఊటీ మంచు, చావు దగ్గరపడ్డ ఇద్దరు ప్రేమికులు, కింద ఇళయరాజా. ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళకి ఈ ఆల్బం కొత్తగా అనిపించదు. 70 నిమిషాలకి పైనే ఉంటుంది, తొందరపడదు. మొదటి పాట ప్లెయిన్‌సాంగ్ చిన్న గంటల చప్పుడుతో తెరుచుకుని, ఒక్కసారిగా పెద్ద అల వచ్చి మీద పడ్డట్టు లేస్తుంది. గాయకుడు పెదవి విప్పడానికి రెండు నిమిషాలు పైన పడుతుంది. లవ్‌సాంగ్ అనేది రాబర్ట్ స్మిత్ తన భార్యకి పెళ్ళికానుకగా రాసిన పాట. అమెరికా పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. చెదిరిన జుట్టు, పులిమిన లిప్‌స్టిక్ చూసి భయపడతాం గాని, మనిషి చిన్నప్పుడు బళ్ళో ప్రేమించిన అమ్మాయినే పెళ్ళాడి ఆవిడతోనే ఉన్నాడు.

తర్వాత సూజీ అండ్ ద బాన్‌షీస్. మా అమ్మాయి కాటుక అక్కణ్ణించే వచ్చింది. 1981 నాటి జూజూ వినండి. స్పెల్‌బౌండ్ అన్న పాటలో జాన్ మెక్‌గ్యోక్ గిటార్ జలపాతంలా కురుస్తుంటే, బడ్జీ డోళ్ళ మీద ఊరి జాతరంతా మోగిస్తాడు. తాళం ఇష్టమైనవాళ్ళకి ఇది ఖాయం.

కాటిసీను కావాలంటే బౌహౌస్ వాళ్ళ బేలా లుగోసీస్ డెడ్. 1979, తొమ్మిది నిమిషాల పైచిలుకు. లుగోసీ 1931 సినిమాలో డ్రాకులా వేషం వేసినాయన. 1956లో పోతే అలాంటి అంగీతోనే పూడ్చారు. పాటలో చాలాసేపటిదాకా గొంతే వినపడదు, ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టు చప్పుళ్ళు. గోథిక్ రాక్‌కి ఇదే మొదటి పాట అంటారు చాలామంది.

ఐ-88 మీద రాత్రిపూట ఒంటరిగా కారు నడిపేవాళ్ళకి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ వారి ఫ్లడ్‌లాండ్, 1987. వీళ్ళకి డ్రమ్స్ వాయించే మనిషి లేడు, యంత్రమే. దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టి సభ్యుడిగా లెక్కేసుకున్నారు. మన శ్రుతిపెట్టెకి సుబ్బారావుగారని పేరు పెట్టుకున్నట్టన్నమాట. ఆ నాయకుడు ఎల్డ్రిచ్‌ని గోత్ అంటే కోపమొస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, గోత్ అని పిలిస్తే ఒప్పుకునే గోత్ బృందం దొరకడం కష్టం.

మా ఆవిడకి మాత్రం ఇవేవీ ఎక్కలేదు. ఆదివారం సంగీతం క్లాసులో పాతికేళ్ళుగా పిల్లలకి సరళీస్వరాలు చెబుతున్న మనిషి. ఆవిడ ఆగి విన్నది ఒక్క కాక్టో ట్విన్స్‌ని. హెవెన్ ఆర్ లాస్ వేగస్, 1990. ఆ స్కాట్లండు గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ పాడే మాటలు ఇంగ్లీషువాళ్ళకే అర్థం కావు. "అకారంతో ఆలాపన చేస్తోంది, మాటలెందుకు?" అంది మా ఆవిడ. అంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు.

ఇదంతా సముద్రాలవతల సంగతనుకోకండి. మన బిఎన్‌ఎస్‌ఎఫ్ రైలెక్కి చికాగో దిగితే, లింకన్ అవెన్యూలో వాక్స్ ట్రాక్స్ అనే రికార్డుల కొట్టుండేది. జిమ్ నాష్, డానీ ఫ్లెషర్ అనే ఇద్దరు జీవిత భాగస్వాములు 1978లో డెన్వర్ నుంచి వచ్చి పెట్టారు. ఇంగ్లండు రికార్డులు తెప్పించి అమ్ముతూ, తర్వాత తామే రికార్డులు వేశారు. మినిస్ట్రీ లాంటి బృందాలు అక్కణ్ణించే పైకొచ్చాయి. క్లార్క్ స్ట్రీట్‌లో రిగ్లీ ఫీల్డ్ దగ్గర జో షానహాన్ 1982లో తెరిచిన మెట్రో ఇంకా నడుస్తోంది. మనవాళ్ళు బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ స్విచ్చులతో కుస్తీపడుతున్న ఆ రోజుల్లోనే, పాతిక మైళ్ళ దూరంలో ఇదంతా జరిగింది. మనకి తెలీదు, అంతే.

ఇక, తల్లిదండ్రులు నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న. జాయ్ డివిజన్ గాయకుడు ఇయన్ కర్టిస్ మూర్ఛవ్యాధితో, ఇంటి కలతలతో నలిగి, 1980 మే 18న, అమెరికా ప్రయాణానికి ముందురోజు, 23 ఏళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. ఇలాంటివి వింటే పిల్లలు ఏమైపోతారండీ? నేనూ భయపడ్డాను. ఒక రాత్రి తలుపు కొట్టి అడిగేశాను కూడా. "నాన్నా, బాధగా ఉన్నప్పుడు ఇవి వింటాను. ఇవి విన్నందుకు బాధ రాదు" అంది. అంతటితో భయం పోయిందా అంటే పోలేదు. కాని ఆ రాత్రి నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలైంది. పిల్ల తిండి మానేసినా, నిద్ర మానేసినా, స్నేహితుల్ని వదిలేసినా డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళైనా పలుకుతారు. చొక్కా రంగు చూసి మాత్రం నిర్ణయించకండి. ఆయన పోయాక మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకున్నారు. 1983లో ఆ బృందం బ్లూ మండే అనే పాట కట్టింది. మీ పిల్లల ప్రామ్‌లో కూడా మోగే ఉంటుంది.

2020 మేలో మా అమ్మ పోయింది. విమానాలు లేవు. తెనాలి శ్మశానంలో అన్నయ్య ఒక చేత్తో కుండ, మా మేనల్లుడి చేతికి ఫోను. గేటు పక్కన హరిశ్చంద్రుడి బొమ్మ ఒక్క క్షణం కనిపించి, బొమ్మ ఆగిపోయింది. ఇక్కడ అర్ధరాత్రి. బేస్‌మెంట్‌లో కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి ఏమీ అనకుండా హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టి వెళ్ళిపోయింది. ప్లెయిన్‌సాంగ్. ఆ పాట నేను మొదటిసారి చివరిదాకా విన్నది ఆ రాత్రే.

2023 జూన్‌లో ద క్యూర్ యునైటెడ్ సెంటర్‌కి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్ళాం. ఆ పర్యటనలో కొన్ని టికెట్లు 20 డాలర్లకే పెట్టించాడు స్మిత్. అమ్మేవాళ్ళు పైన రుసుములు బాదితే గొడవపెట్టుకుని కొంత వెనక్కిప్పించాడు కూడా. నా వయసువాళ్ళు, మనవల్ని ఎత్తుకోవాల్సినవాళ్ళు, నల్లబట్టల్లో కాటుకలు పెట్టుకుని వచ్చారు. అప్పటికింకా ఏ ఆల్బంలోనూ లేని పాటొకటి ఆ పర్యటనలో పాడుతూ వచ్చాడు, ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై. చనిపోయిన వాళ్ళన్నయ్య మీద రాసుకున్నది. 2024 నవంబరులో సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్ అనే ఆల్బంలో వచ్చింది, దొరికితే వినండి.

కార్యక్రమం అయ్యేసరికి పదకొండు దాటింది. పార్కింగ్‌లోంచే తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర.

"ఏంట్రా, ఇంత రాత్రప్పుడు?" అన్నాడు అన్నయ్య కంగారుగా.

"ఏం లేదన్నయ్యా, ఊరికే" అన్నాను. పక్కసీట్లో మా అమ్మాయి పాటల శబ్దం తగ్గించింది.