జాన్సను పండితుని ముఖవికారములు

1735వ సంవత్సరమున ఇంగ్లండులోని సాలిహల్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు కావలసివచ్చెను. ఆ పదవికై ప్రయత్నించినవారిలో ఇరువదియైదేండ్ల యువకుడొకడు కలడు. లాటిను భాషలో గట్టివాడు. అయినను పాఠశాల పెద్దలు అతనిని వలదనిరి. మనిషి అహంకారియట, అదిగాక ముఖమును వికృతముగా త్రిప్పునట. అది అతని వశములో లేదని వారే యెరుగుదురు. కాని దానిని చూచి పిల్లలు చెడుదురేమో యని వారి భయము. మరుసటియేడు బ్రూవుడ్ అను ఊరిలోను ఇట్టి కారణముచేతనే సహాయోపాధ్యాయుని కొలువు తప్పిపోయెను. ఈడియల్ గ్రామమున తానే యొక బడి పెట్టగా, పట్టుమని పదిమంది చేరలేదు. చేరినవారిలో డేవిడ్ గారిక్ అను కుర్రవాడు గురువుగారి చేష్టలను అనుకరించి తోటివారిని నవ్వించెడివాడు. ఆ కుర్రవాడే తరువాత లండను రంగస్థలమున మహానటుడయ్యెను. బడి మూతపడినది. 1737లో గురుశిష్యులిరువురును కలిసి లండను చేరిరి. 1755లో ఆంగ్లభాషకు మహానిఘంటువును వెలువరించిన సామ్యూల్ జాన్సను ఆ గురువే.

బడి పోగొట్టుకొన్నవానిని భాష దక్కించుకొన్నదని కొందరు సంతోషింతురు. ఆ సంతోషము మనది; అవమానము మాత్రము ఆయనది.

ఆయన చేష్టలను జీవితచరిత్రకారుడు బాస్వెల్ వివరముగా వ్రాసియుంచెను. తలను ఒక ప్రక్కకు వాల్చి ఊపుట, దేహమును ముందువెనుకలకు ఊచుట, అరచేతితో ఎడమ మోకాలిని రుద్దుట, మాటల నడుమ నెమరువేయుచున్నట్లు నోరాడించుట, ఈల వేయుట, పెట్టకోడివలె నాలుకతో చప్పుడు చేయుట - ఇవన్నియు అందు కలవు. ఆయన మిత్రుడు, చిత్రకారుడు జాషువా రెనాల్డ్సు దీనిని వ్యాధియని యొప్పుకొనలేదు. కదలక కూర్చుండుమన్నచో జాన్సను అందరివలెనే కూర్చుండగలడు గదా, కావున ఇది అలవాటే యని ఆయన వాదము. ఒక చిన్నపిల్ల అడిగినప్పుడు జాన్సనే అది దురభ్యాసమని చెప్పి, అట్టివి అంటకుండ చూచుకొమ్మని ఆమెకు బుద్ధి చెప్పెనట!

రెనాల్డ్సు వాదము నేటి తరగతి గదులలోను వినబడుచున్నది. "ఏరా, ఇన్‌స్పెక్షను నాడు బొమ్మలా కూర్చున్నావు గదా, ఇప్పుడేమొచ్చింది?" అని.

దీనికి సమాధానము తెలియుటకు చాల కాలము పట్టెను. 1885లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జిల్ ద లా టూరెట్ తొమ్మిదిమంది రోగులను గూర్చి వ్రాయగా, ఈ వ్యాధికి ఆయన పేరే స్థిరపడినది. 1979లో ముర్రే అను కెనడా వైద్యుడు జాన్సను చేష్టలు కూడ ఈ కోవకు చెందినవేయని నిరూపింపయత్నించెను. ఆకస్మికముగా, మరల మరల వచ్చు ఇట్టి కదలికలను, ధ్వనులను టిక్కులందురు. పలువిధములగు కదలికలును, ఒక్కటైనను ధ్వనియు, పదునెనిమిదేండ్లలోపల మొదలై యేడాదికి మించి నిలిచినచో అది టూరెట్ వ్యాధి. బూతుమాటలు అప్రయత్నముగా వెలువడుట దీని ముఖ్యలక్షణమని లోకము తలచును గాని, అది కొద్దిమందికే కలుగును.

టిక్కు వచ్చుటకు ముందు ఆ చోట బిగువో, దురదయో, చెప్పరాని వేధయో పుట్టును. కదలిన పిమ్మట క్షణకాలము ఉపశమించును. తుమ్మును ఆపుకొన్నవానికి ఇది తెలియును: ఆపగలము, కాని ఆపినంతసేపు మనస్సు తుమ్ముమీదనే యుండును. తరగతిలో మెడ కుదుపును అణచుకొనుచున్న బాలుని చెవికి పాఠమెట్లు చేరును? పగలెల్ల అణచుకొన్నది సాయంకాలము ఇంటిలో బయటపడును. బడిలో బాగుగనే యున్నాడని ఉపాధ్యాయుడు, ఇంటిలో ఊరకుండడని తల్లి - ఇరువురును నిజమే చెప్పుచుందురు. మధ్య దోషి మాత్రము బాలుడగును.

టిక్కులు సాధారణముగా ఐదేడేండ్ల వయసున మొదలై, పది పన్నెండేండ్లకు తీవ్రమగును. అనగా ఆరు, ఏడు తరగతుల కాలము. బాలురలో ఎక్కువ. యౌవనము వచ్చునప్పటికి చాలమందికి తగ్గిపోవును. జాన్సనుకువలె కొందరికి జీవితాంతము నిలుచును. తొలి గుర్తు తరచు కన్నులార్పుట. ఇచ్చటనే మన బడులలో ఉపద్రవము వచ్చును: రెప్పపాటును కన్నుకొట్టుటగా, మూతిత్రిప్పుటను వెక్కిరింతగా తీసికొని దండించిన సందర్భములు అరుదు కావు. గొంతు సవరించుట, ముక్కు ఎగబీల్చుట జలుబుగా పొరబడుదురు. దిష్టియని తాయెత్తు కట్టువారును కలరు. మూలము మెదడులో కదలికలను అదుపుచేయు నాడీమండలములందున్నది. వంశపారంపర్యమును కొంత కారణము. పెంపకములోని లోపము కాదు. భయము, అలసట, ఉద్వేగము దానిని హెచ్చించును. కావున గద్దింపు అగ్నికి ఆజ్యమే.

చికిత్స లేకపోలేదు. 1973లో అమెరికాలో అజ్రిన్, నన్ అను మనోవిజ్ఞానులు ఒక శిక్షణను ప్రకటించిరి. వేధ పుట్టుటను బాలుడు ముందుగా గుర్తించి, టిక్కుతో పొసగని వేరొక కదలికను నెమ్మదిగా చేయవలెను. మెడ కుదుపు వచ్చునప్పుడు గడ్డమును కొంచెము దించి మెడకండరములను బిగించియుంచుట అట్టిది. దానిని విస్తరింపజేసి 2010లో 126మంది పిల్లలపై పరీక్షింపగా, శిక్షణ పొందినవారిలో సగమునకు పైగా గుణము కనబడెను. ఊరట మాటలు, విషయపరిజ్ఞానము మాత్రమే పొందినవారిలో ఐదవవంతు కంటె తక్కువమందికే కనబడెను. ఇది బెత్తముతో "ఆపు" అనుట వంటిది కాదని గ్రహింపవలెను. మిక్కిలి బాధించునపుడు వైద్యుడు మందులిచ్చును. తోడుగా చంచలత్వమో, ఒకే పనిని మరల మరల చేయు నిర్బంధమో ఉన్నచో, టిక్కుకంటె అదియే చదువును ఎక్కువగా చెరుపును. ముందు దానినే చూడవలసియుండును.

ఉపాధ్యాయుడు చేయదగినవి స్వల్పములు: చూడనట్లుండుట, బాలుడు కోరినచో అయిదు నిమిషములు వెలుపలికి పోనిచ్చుట, అందరి చూపులు పడని ప్రక్కవరుసలో కూర్చుండబెట్టుట. బాలుడును తల్లిదండ్రులును ఒప్పుకొన్నచో తోటిపిల్లలకు ఇది యేమో రెండు మాటలలో చెప్పవచ్చును. తెలిసిన పిమ్మట గారిక్ వంటివారు తగ్గుదురు. పరీక్షలో వేరు గది, కొంత అదనపు సమయము దొరికినచో, వాడు తన మెడను పట్టుకొని కూర్చుండక లెక్క చేసికొనగలుగును.